ఫిల్మ్ నువార్ పాత్రలు తప్పు ఎందుకు చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

1940, 50ల నాటి నలుపు తెలుపు అమెరికన్ క్రైమ్ సినిమా ఒకటి స్నేహితులకు చూపించండి. సినిమా అయ్యాక ఎవరో ఒకరు కచ్చితంగా ఈ మాట అంటారు: "అంత తెలివైనవాడు, పోయి పోయి ఆ పని ఎందుకు చేశాడు?" నేనూ చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న పట్టుకునే ఈ సినిమాలు చూస్తున్నాను. ఇతరులు నన్ను అడిగినవీ, నాకు నేను వేసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముగింపులు దాచిపెట్టి పాత్రల ఉద్దేశాల గురించి మాట్లాడడం కుదరదు. కాబట్టి కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు సినిమాలు చూశాక ఈ పేజీకి రండి.

ఫిల్మ్ నువార్ అంటే ఏమిటి? ఆ పేరు ఎలా వచ్చింది?

ఫ్రెంచ్‌లో ఆ మాటకు 'నల్ల సినిమా' అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఉన్నంతకాలం అక్కడికి కొత్త అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక కొన్నేళ్ల సినిమాలు ఒక్కసారిగా ప్యారిస్ చేరాయి. 'ది మాల్టీజ్ ఫాల్కన్', 'డబుల్ ఇండెమ్నిటీ', 'లారా' లాంటివి వరసగా చూసిన నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు 1946లో ఈ పేరు వాడాడు. హాలీవుడ్‌లో వీటిని తీసినవాళ్లు మాత్రం క్రైమ్ కథలనో, మెలోడ్రామా అనో అనుకుంటూ తీశారు. సాధారణంగా 1941లో వచ్చిన 'ది మాల్టీజ్ ఫాల్కన్' నుంచి 1958లో వచ్చిన 'టచ్ ఆఫ్ ఈవిల్' దాకా క్లాసిక్ కాలం అంటారు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. బిల్లీ వైల్డర్, ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్ లాంటి దర్శకులు హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి వెళ్లిపోయినవాళ్లు. నిన్నటిదాకా నవ్వుతూ పలకరించిన పక్కింటివాడు ఎంతకు తెగించగలడో వాళ్లు దగ్గరగా చూశారు. ఈ సినిమాల్లో తప్పు చేసేవాళ్లలో ఇన్సూరెన్స్ ఏజెంట్లు, క్యాషియర్లు, రచయితలు, లాయర్లు ఎక్కువగా ఉండడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

డబ్బు, ఆడది. ఈ రెండే కదా అన్ని కథలకూ కారణం?

పాత్రలు అలాగే చెబుతాయి. నమ్మకండి.

'డబుల్ ఇండెమ్నిటీ' (1944) తీసుకుందాం. లాస్ ఏంజిలస్‌లో వాల్టర్ నెఫ్ ఇన్సూరెన్స్ ఏజెంటు. వయసు 35, పెళ్లి కాలేదు. కారు పాలసీ రెన్యువల్ కోసం ఒక ఇంటికి వెళ్తాడు. ఆ ఇంటి ఇల్లాలు ఫిలిస్ మెట్లు దిగి వస్తుంటే ఆమె కాలి గొలుసు మీద కన్ను పడుతుంది. భర్తకు తెలియకుండా అతని పేరున ప్రమాద బీమా చేయించి చంపేద్దామని ఆమె ఆలోచన. రైలు ప్రమాదం లాంటి అరుదైన ప్రమాదంలో చనిపోతే కంపెనీ రెట్టింపు ఇస్తుంది. అంటే 50,000 డాలర్లకు బదులు 1,00,000. సినిమా మొదట్లోనే నెఫ్ తన నేరం ఒప్పుకుంటాడు. డబ్బు కోసం, ఒక ఆడదాని కోసం చంపాను, డబ్బూ దక్కలేదు, ఆమే దక్కలేదు అంటాడు.

అయితే మధ్యలో అతను ఇంకో మాట కూడా చెబుతాడు. జనం అంతగా పట్టించుకోరు కానీ నాకు ఈ సినిమాకు తాళంచెవి అదే. జూదశాలలో చక్రం దగ్గర కూర్చుని ఎవరూ మోసం చేయకుండా కాపలా కాసేవాడితో తనను పోల్చుకుంటాడు. ఏళ్ల తరబడి కాపలా కాస్తూ కాస్తూ, ఒక రాత్రి అతనికి 'నేనే ఈ ఆటను ఓడిస్తే?' అన్న ఆలోచన వస్తుందట. అంటే ఫిలిస్ తలుపు తీయకముందే నెఫ్ మనసులో ఈ నేరం సగం తయారై ఉంది. పదకొండేళ్లుగా ఇతరుల దొంగ క్లెయిములు చూసి, వాళ్లు ఎక్కడ తప్పటడుగు వేశారో తెలుసుకుని, 'నేనైతే అలా చేయను' అనుకుంటూ వచ్చాడు. ఫిలిస్ అతనికి ఒక సాకు మాత్రమే ఇచ్చింది. అసలు కోరిక, దొంగ క్లెయిములు పట్టే కంపెనీ క్లెయిముల మేనేజరు, తన గురువులాంటి బార్టన్ కీస్ కళ్లు కప్పి, కంపెనీని కంపెనీ రూల్స్‌తోనే ఓడించడం. మన మాటల్లో చెప్పాలంటే కామం, లోభం పైకి కనిపిస్తాయి. అడుగున ఉన్నది మదం.

ఆ మదమే అతన్ని పట్టిస్తుంది. అతని ప్లాన్‌లో అన్నీ సరిగ్గా ఉన్నాయి. కాలు విరిగిన భర్త వేషంలో ఊతకర్రలతో రైలెక్కాడు, దూకాడు, శవాన్ని పట్టాల మీద పెట్టాడు. కానీ కీస్‌కు ఒకటే సందేహం: ప్రమాద బీమా ఉన్న మనిషి, కాలు విరిగితే క్లెయిము ఎందుకు పెట్టుకోలేదు? తనకు అలాంటి పాలసీ ఉందని అతనికి తెలియదు కాబట్టి. ఇన్సూరెన్స్‌లోనే బతుకుతున్న నెఫ్‌కు ఈ చిన్న విషయం తట్టలేదు.

ఈ కథ ఊహలోంచి ఊడిపడింది కాదు. 1927లో న్యూయార్క్‌లో రూత్ స్నైడర్ అనే గృహిణి, ఆమె ప్రియుడు కలిసి ఆమె భర్తను బీమా డబ్బు కోసం చంపారు. నవల రాసిన జేమ్స్ ఎం. కెయిన్‌కు ప్రేరణ ఆ కేసే.

మన అరిషడ్వర్గాలతో ఈ సినిమాలను అర్థం చేసుకోవచ్చా?

నేను అలాగే చూస్తాను. పాశ్చాత్య విమర్శకులు ఏడు మహాపాపాల లెక్కలో మాట్లాడతారు. మనకు కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు ఉన్నాయి. వాళ్ల జాబితాలో లేనిది మన దగ్గర ఒకటుంది, మోహం. కామం వేరు, మోహం వేరు. కామం అంటే కావాలనుకోవడం. మోహం అంటే కంటికి పొర కమ్మి లేనిది ఉన్నట్టు చూడడం. నువార్ కథల గుండెకాయ ఈ మోహమే అని నా నమ్మకం.

'అవుట్ ఆఫ్ ది పాస్ట్' (1947) చూడండి. ప్రియుణ్ని కాల్చి, 40,000 డాలర్లతో పారిపోయిన కేథీ అనే అమ్మాయిని వెతికి తీసుకురమ్మని జెఫ్ అనే డిటెక్టివ్‌ను పంపిస్తారు. అకపుల్కోలో ఆమె దొరుకుతుంది. డబ్బు నేను తీయలేదు, నమ్ముతావా అన్నట్టు చెప్పబోతే అతను అడ్డుకుని, నాకవన్నీ అక్కర్లేదు అనేస్తాడు. ఆ ఒక్క మాటతో అతని జీవితం అయిపోయింది. అతను మోసపోలేదు. తెలుసుకోవడం ఇష్టం లేక కళ్లు మూసుకున్నాడు. చాలాకాలం తర్వాత ఆమె అతనితో అంటుంది: నేను ఫలానా అని నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదు, నువ్వే నన్ను అలా ఊహించుకున్నావు అని. ఆ మాటలో చాలా నిజం ఉంది.

లోభం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. 'ది మాల్టీజ్ ఫాల్కన్'లో గట్‌మన్ అనే లావుపాటి మనిషి 17 ఏళ్లు ఒక పక్షి బొమ్మ కోసం తిరుగుతాడు. చేతికొచ్చాక గీకి చూస్తే సీసం, నకిలీది. ఒక్క నిమిషం కుంగిపోయి, వెంటనే తేరుకుని ఇంకో ఏడాది వెతుకుదాం పదండి అంటాడు. లోభికి వస్తువు దొరకడం కన్నా వెతకడమే బతుకైపోతుందని ఇంత చక్కగా చూపించిన సన్నివేశం ఇంకోటి నేను చూడలేదు.

మాత్సర్యానికి 'లీవ్ హర్ టు హెవెన్' (1945) చూడాలి. అది రంగుల్లో తీసిన అరుదైన నువార్. ఎలెన్ భర్తను ప్రేమిస్తుంది, అతని ప్రేమలో ఇంకెవరికీ వాటా ఉండకూడదు. భర్త తమ్ముడు, కాళ్లు సరిగా లేని కుర్రాడు, సరస్సులో ఈదుతూ మునిగిపోతుంటే ఆమె పడవలో నల్ల కళ్లజోడు పెట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. చేత్తో ముట్టుకోలేదు, తోయలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. చుట్టూ ఎండ, నీళ్లు, పచ్చని చెట్లు. చీకటి లేకుండానే ఒళ్లు జలదరిస్తుంది.

కోపం తప్పా? హత్య చేయనివాడిని కూడా ఎందుకు శిక్షిస్తారు?

'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' (1950) గురించే ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. హంఫ్రీ బోగార్ట్ వేసిన డిక్సన్ స్టీల్ సినిమా రచయిత. ఒక అమ్మాయి హత్య కేసులో అతని మీద అనుమానం పడుతుంది. హత్య అతను చేయలేదు. ఎదురింట్లో ఉండే లారెల్ అతని పక్షాన సాక్ష్యం చెబుతుంది, ప్రేమిస్తుంది. కానీ అతనికి కోపం వస్తే ఆగడు. రోడ్డు మీద కారు రాసుకున్నందుకు ఒక కుర్రాణ్ని చావబాదుతాడు, చేతికి రాయి తీసుకుంటాడు. లారెల్‌కు భయం మొదలవుతుంది. ఇతను చేశాడా లేదా అన్న అనుమానం కన్నా, ఇతను చేయగలడు అన్న భయం పెద్దది.

చివర్లో నిజమైన హంతకుడు దొరికాడని పోలీసులు ఫోన్ చేస్తారు. అప్పటికే అతని చేతులు లారెల్ గొంతు దాకా వెళ్లి వచ్చాయి. నిన్న ఈ ఫోన్ వచ్చుంటే ఎంతో అర్థం ఉండేది, ఇప్పుడేం లాభం అంటుంది ఆమె. మొదట అతను ఆమెను చంపేసినట్టు ముగింపు అనుకున్నారు. దర్శకుడు నికొలస్ రే దాన్ని మార్చాడు. మార్చడం వల్లే సినిమా నిలిచింది. చంపేసి ఉంటే అది ఒక హంతకుడి కథ అయ్యేది. ఇప్పుడది ఇంట్లో ఒక మనిషి అడుగుల చప్పుడుకే భయపడి బతికే ప్రతివాళ్ల కథ. పోలీసులు అతన్ని నిర్దోషి అంటారు. అయినా లారెల్ భయం తప్పు కాదు.

ఆడవాళ్లనే ఎందుకు దుర్మార్గులుగా చూపిస్తారు?

ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది, దాన్ని తోసిపుచ్చను. యుద్ధం రోజుల్లో అమెరికాలో లక్షలాది ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనికి వెళ్లారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగవాళ్లలో ఉన్న భయం, అపనమ్మకం ఈ సినిమాల్లో కనిపిస్తుందని చాలామంది విమర్శకులు రాశారు. మగవాడు తన తప్పును ఒక అందగత్తె మీద నెట్టి కథ చెబుతాడు. చాలా సినిమాల్లో కథ చెప్పేది మగగొంతే. నెఫ్ చెబుతున్న ఫిలిస్‌ను మనం చూస్తున్నాం తప్ప ఫిలిస్ చెప్పే నెఫ్‌ను మనం ఎప్పుడూ చూడం. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చూస్తే సినిమా వేరేగా కనిపిస్తుంది.

ఇంకోవైపు, ఆ రోజుల్లో ఇంకే రకం సినిమాలోనూ ఆడవాళ్లకు ఇంత కోరిక, ఇంత తెలివి, ఇంత పట్టుదల ఇవ్వలేదు. ఫిలిస్ కూడా ఒట్టి రాక్షసి కాదు. నెఫ్ మీద ఒకసారి కాల్చాక రెండో గుండు కాల్చలేకపోతుంది. ఎవర్నీ ప్రేమించలేదు, ఈ నిమిషం దాకా, అంటుంది. నెఫ్ నమ్మడు, కాలుస్తాడు. ఆమె మాట నిజమా? ఎన్నిసార్లు చూసినా నేను తేల్చుకోలేకపోయాను. ఫిలిస్‌గా నటించిన బార్బరా స్టాన్‌విక్ ముఖంలో రెండూ ఉన్నాయి.

'లారా' (1944) లాంటి సినిమాల్లో ఇదే రోగం మగవాడికి అంటుతుంది. వాల్డో లైడెకర్ తాను పైకి తెచ్చిన అమ్మాయి ఇంకొకరిదైతే ఓర్వలేక తుపాకీ తీస్తాడు.

తల్లి ప్రేమ కూడా దోషం అవుతుందా?

'మిల్డ్రెడ్ పియర్స్' (1945) చూసి మన ఇళ్లలో చాలామంది ఉలిక్కిపడతారు. మిల్డ్రెడ్ భర్త నుంచి విడిపోయి, హోటల్లో వడ్డించి, తర్వాత సొంతంగా హోటళ్లు పెట్టి పైకొస్తుంది. అంతా కూతురు వీడా కోసం. ఆ కూతురికి తల్లి చేసే పని అంటే నామోషీ. అమ్మ దాచుకున్న వెయిట్రెస్ యూనిఫాం కనిపెట్టి, కావాలని దాన్ని పనిమనిషికి తొడిగిస్తుంది. ఆ సీన్ చూడలేక కళ్లు దించుకున్నవాళ్లను నేను చూశాను.

మిల్డ్రెడ్ తప్పేమిటి? కష్టపడడం తప్పు కాదు. కూతురి చూపులో తాను గొప్పగా కనబడాలన్న ఆశ ఆమెను గుడ్డిదాన్ని చేసింది. ప్రేమ పేరుతో కూతురి గర్వాన్ని ఆమె పెంచి పోషించింది. చివరికి వీడా హత్య చేస్తే ఆ నేరాన్ని తన మీద వేసుకోవడానికి కూడా సిద్ధపడుతుంది. నవలలో ఈ హత్యే లేదు, సినిమా కోసం చేర్చారు. నా దృష్టిలో హత్య కన్నా యూనిఫాం సీనే పెద్ద నేరం.

శామ్ స్పేడ్ మంచివాడా, చెడ్డవాడా?

'ది మాల్టీజ్ ఫాల్కన్' డిటెక్టివ్ శామ్ స్పేడ్ తన పార్ట్‌నర్ భార్యతో సంబంధం పెట్టుకున్నాడు. ఆ పార్ట్‌నర్ చనిపోగానే తలుపు మీద అతని పేరు తీయించేస్తాడు. ఇదీ మన హీరో. అదే మనిషి, తాను ప్రేమించిన బ్రిజిడ్ హంతకి అని తేలితే పోలీసులకు అప్పగిస్తాడు. ఎందుకో ఒక్కొక్క కారణమే చెబుతాడు. పార్ట్‌నర్‌ను చంపితే ఏదో ఒకటి చేయాలి, అతని మీద మనకు ఎలాంటి అభిప్రాయం ఉన్నా సరే. మన వృత్తిలో హంతకుణ్ని వదిలేస్తే అందరు డిటెక్టివ్‌లకూ చెడ్డది. నిన్ను వదిలేస్తే రేపు నువ్వు నన్నూ చంపవని నమ్మకం ఏది?

ఇందులో ధర్మం ఎంత, భయం ఎంత, తనను ఎవరూ వెర్రివాణ్ని చేయకూడదన్న పంతం ఎంత? మూడూ కలిసే ఉన్నాయి. ఏ మంచిపనైనా ఒకే ఒక్క కారణంతో జరగదని ఒప్పుకునే నిజాయితీ ఈ సినిమాలో ఉంది. అందుకే నాకు ఇది ఇష్టం.

తప్పు చేసినవాడు ఎప్పుడూ చావడమో, దొరికిపోవడమో ఎందుకు?

దీనికి ఒక ఆఫీసు కారణం. హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న ప్రొడక్షన్ కోడ్ అనే నిబంధనల జాబితా 1930లో వచ్చింది. 1934 నుంచి, దాన్ని అమలుచేసే ఆఫీసు అధిపతి జోసెఫ్ బ్రీన్ చేతిలో గట్టిగా అమలైంది. నేరం మీద జనానికి సానుభూతి కలగకూడదు, నేరస్తుడు తప్పించుకోకూడదు. కాబట్టి శిక్ష తప్పనిసరి.

గొప్ప దర్శకులు ఈ నిబంధననే పనిముట్టుగా మార్చుకున్నారు. ఫ్రిట్జ్ లాంగ్ 'స్కార్లెట్ స్ట్రీట్' (1945) ఇందుకు పెద్ద ఉదాహరణ. క్రిస్టఫర్ క్రాస్ క్యాషియర్. 25 ఏళ్లు నమ్మకంగా పనిచేసినందుకు యజమాని బంగారు గడియారం బహూకరిస్తాడు. అదే రాత్రి యజమాని ఒక పడుచుపిల్లతో కారెక్కడం చూసి, అలాంటి అమ్మాయి ప్రేమిస్తే ఎలా ఉంటుందో అనుకుంటాడు క్రాస్. ఇంట్లో భార్యకు అతనంటే లెక్కలేదు. గోడ మీద ఆమె మొదటి భర్త పటం పెద్దగా వేలాడుతుంటుంది. ఆదివారాలు బొమ్మలు వేసుకోవడం ఒక్కటే అతని సుఖం.

కిట్టీ అనే అమ్మాయి అతను డబ్బున్న పెద్ద చిత్రకారుడు అనుకుంటుంది. కాదు అని చెప్పడానికి అతనికి నోరు రాదు. అక్కడే మొదలు. ఆమె కోసం దొంగతనం చేస్తాడు. ఆమె ప్రియుడు జానీ ఆ బొమ్మలు అమ్మడానికి చూస్తే, కిట్టీ పేరు మీద అవి గొప్పగా అమ్ముడుపోతాయి. క్రాస్‌కు తెలిశాక కోపం రాదు, సంతోషిస్తాడు! తన బొమ్మల మీద ఆమె పేరు ఉంటే ఇద్దరికీ పెళ్లయినట్టే అనిపిస్తుంది. ఇది చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. జీవితంలో ఎవరూ గుర్తించని మనిషి, గుర్తింపు వచ్చిన రోజున కూడా దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేసి మురిసిపోయాడు.

తర్వాత కిట్టీ అతని ముఖం మీద నవ్వుతుంది. ముసలివాడివి, అందవిహీనుడివి అంటుంది. ఐసు కొట్టే పనిముట్టుతో పొడిచి చంపేస్తాడు. ఆ హత్యకు జానీని ఉరికన్నా ఘోరంగా విద్యుత్ కుర్చీలో చంపుతారు. క్రాస్ చట్టానికి దొరకడు. కోడ్ ఉన్న రోజుల్లో ఇది దాదాపు అసాధ్యం. మరి బ్రీన్ ఆఫీసు ఎలా ఒప్పుకుంది? క్రాస్ తన మనస్సాక్షి చేతిలో ఎవరూ వేయలేని శిక్ష అనుభవిస్తాడు కాబట్టి. చెవుల్లో కిట్టీ గొంతు, జానీ గొంతు. నేనే చంపాను అని చెబితే పోలీసులు పిచ్చివాడు అనుకుంటారు. అయినా న్యూయార్క్, మిల్వాకీ, అట్లాంటాల్లో సెన్సారు వాళ్లు సినిమాను అడ్డుకున్నారు.

ఇదే పశ్చాత్తాపం 'ది కిల్లర్స్' (1946) మొదట్లో వేరే రూపంలో ఉంటుంది. చంపడానికి మనుషులు వస్తున్నారని చెబితే స్వీడ్ మంచం మీంచి లేవడు. ఒకప్పుడు ఒక తప్పు చేశాను అంటాడు, అంతే.

అంతా విధి అంటే పాత్రల బాధ్యత ఏముంది?

విధి మీద నెపం వేయడం నువార్ పాత్రలకు బాగా అలవాటు. చాలా తక్కువ డబ్బుతో తీసిన, గంటా ఎనిమిది నిమిషాల 'డీటూర్' (1945) దీనికి పరాకాష్ఠ. అల్ అనే పియానో వాయించేవాడు ప్రియురాలి కోసం న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలస్‌కు లిఫ్ట్ అడుగుతూ బయల్దేరతాడు. లిఫ్ట్ ఇచ్చినవాడు దారిలో చనిపోతాడు. పోలీసులు నమ్మరని శవాన్ని దాచి, అతని బట్టలు, డబ్బు, కారు, పేరు అన్నీ తీసుకుంటాడు. తర్వాత ఇంకో చావు. అదీ పొరపాటేనట. విధి ఏ కారణం లేకుండా ఎవరి మీదైనా వేలు పెట్టగలదు అంటూ ముగిస్తాడు.

నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. కానీ మొత్తం కథ అతని నోటి నుంచే విన్నామని మరిచిపోకండి. రెండు చావులూ ప్రమాదాలే, రెండుసార్లూ పక్కన ఉన్నది అతనే. నా అభిప్రాయంలో ఈ సినిమాలో అసలు దోషం, ప్రతి మలుపులోనూ భయంతో తప్పు దారి ఎంచుకుని దానికి విధి అని పేరు పెట్టుకోవడం.

న్యాయం కోసం తప్పు చేస్తే?

'టచ్ ఆఫ్ ఈవిల్'లో ఆర్సన్ వెల్స్ వేసిన పోలీస్ అధికారి హాంక్ క్విన్లన్ దొంగ సాక్ష్యాలు పెట్టి నేరస్తులను పట్టిస్తాడు. చాలా ఏళ్ల క్రితం అతని భార్యను ఎవరో గొంతు నులిమి చంపారు, హంతకుడు తప్పించుకున్నాడు. ఇంకెప్పుడూ ఎవర్నీ తప్పించుకోనివ్వను అన్న కసి అలా మొదలైంది. డబ్బు తినడు. పాత గాయం ఒకటి అధికారంగా మారింది. చివర్లో, అతను ఇరికించిన కుర్రాడు నేరం ఒప్పుకున్నాడని తెలుస్తుంది. అతని అనుమానం సరైనదే, అయినా అతను చేసింది అన్యాయమే. ఈ రెండు మాటలూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. అందుకే ఈ సినిమా మీద ఇప్పటికీ వాదించుకుంటాం.

'ది బిగ్ హీట్' (1953)లో భార్యను కారు బాంబులో పోగొట్టుకున్న పోలీసు బానియన్ ఇదే అంచు దాకా వెళ్తాడు. అతను చేయలేక ఆగిన హత్యను డెబీ అనే అమ్మాయి చేస్తుంది. హీరో చేతులు శుభ్రంగా ఉండడానికి మూల్యం వేరేవాళ్లు చెల్లించారు.

తాగుడు, జూదం లాంటి వ్యసనాలే మూలం కాదా?

నేపథ్యంలో ఉంటాయి, మూలం చాలా అరుదు. ఇంచుమించు అందరూ తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు. కానీ కథను నడిపేది ఆ అలవాటు వెనకున్న ఖాళీ. క్విన్లన్ తాగుడు మానేసి చాక్లెట్లు తింటుంటాడు. సీసా పోయింది, లోపలి కసి అలాగే ఉంది.

వ్యక్తులదేనా తప్పు? సమాజానికి బాధ్యత లేదా?

ఉంది. 'ఏస్ ఇన్ ది హోల్' (1951)లో గుహలో ఇరుక్కున్న మనిషిని ఒక్క రోజులోపే బయటికి తీయొచ్చు. కానీ పత్రికా విలేకరి టేటమ్ వార్త ఎక్కువ రోజులు నడవాలని కొండ పైనుంచి తవ్వించి, వారం పట్టే దారి ఎంచుకుంటాడు. పదవి కోసం షెరీఫ్, వ్యాపారం కోసం ఆ మనిషి భార్య సరేనంటారు. మిఠాయిలు, రంగులరాట్నాలు వస్తాయి, జనం కుటుంబాలతో తిరనాళ్లకు వచ్చినట్టు వస్తారు. లోపల మనిషి చచ్చిపోతాడు. టికెట్టు కొన్న ప్రతివాడికీ ఆ చావులో వాటా ఉందని దర్శకుడు బిల్లీ వైల్డర్ సూటిగా చెప్పాడు. అప్పట్లో ఆ సినిమా ఆడలేదు.

'క్రాస్‌ఫైర్' (1947)లో హత్యకు డబ్బు, ప్రేమ, పగ ఏవీ కారణం కావు. చనిపోయినవాడు యూదుడు, చంపినవాడికి యూదులంటే ద్వేషం. ముఖపరిచయం కూడా ఆ సాయంత్రమే అయింది. మూల నవలలో హతుడు స్వలింగ ప్రియుడు. కోడ్ ఒప్పుకోదు కాబట్టి మార్చారు. ద్వేషానికి ఎదుటి మనిషి ఎవరైనా ఒకటే అని ఆ మార్పే తెలియకుండా చెప్పింది.

ఈ పాత్రల్లో మనకు ఇష్టమయ్యేది ఏముంటుంది?

వాళ్ల చిన్న కోరికలు. 'ది ఆస్ఫాల్ట్ జంగిల్' (1950)లో దొంగ డిక్స్‌కు చిన్నప్పుడు పోయిన గుర్రాల పొలాన్ని కెంటకీలో తిరిగి కొనుక్కోవాలని ఉంటుంది. గుండు దిగిన ఒంటితో కారు నడుపుకుంటూ అక్కడికి చేరి, గుర్రాల మధ్య గడ్డిలో పడిపోతాడు. అదే సినిమాలో నగల దోపిడీకి అద్భుతంగా ప్లాన్ వేసిన పెద్దాయన డాక్, దారిలో ఒక హోటల్లో ఒక అమ్మాయి పాటకు నాట్యం చేస్తుంటే చూస్తూ ఆగిపోతాడు. ఒక గ్రామఫోన్ రికార్డు తిరిగేంతసేపు ఆలస్యం. పోలీసులకు అదే చాలింది. 'సన్‌సెట్ బులెవార్డ్' (1950)లో రచయిత జో గిలిస్ పతనం 290 డాలర్ల కారు వాయిదాలతో మొదలవుతుంది. కారు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ల నుంచి తప్పించుకుంటూ, జనం మరిచిపోయిన పాతకాలపు నటి నోర్మా డెస్మండ్ ఇంటి గేటు లోపలికి దూరతాడు. ఒహాయోలోని సొంతూరికి ఓడిపోయి వెళ్లే అవమానం కన్నా ఆ ఇల్లే నయం అనిపిస్తుంది. పట్నం వచ్చి, ఊరికి ఖాళీ చేతులతో వెళ్లలేక ఇబ్బందిపడిన ఎవరికైనా ఆ బాధ తెలుసు.

మొదట ఏ సినిమా చూడాలి? రెండోసారి చూస్తే కొత్తగా ఏం కనిపిస్తుంది?

'డబుల్ ఇండెమ్నిటీ'తో మొదలుపెట్టండి. తర్వాత 'అవుట్ ఆఫ్ ది పాస్ట్', 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్'. 'స్కార్లెట్ స్ట్రీట్' మనసు గట్టిగా ఉన్న రోజున చూడండి. పాత్ర తన తప్పుకు చెప్పిన కారణం ఒక కాగితం మీద రాసుకోండి. సినిమా అయ్యాక మీకు తోచిన అసలు కారణం పక్కన రాయండి. రెండూ ఒకటే అయిన సందర్భాలు నాకు చాలా తక్కువ దొరికాయి.

రెండోసారి 'డబుల్ ఇండెమ్నిటీ' చూసినప్పుడు అగ్గిపుల్లల మీద కన్నేయండి. కీస్ జేబులో చుట్ట ఉంటుంది కానీ అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండదు. ప్రతిసారీ నెఫ్ బొటనవేలి గోటితో పుల్ల గీసి వెలిగిస్తాడు. ఆ కంపెనీలో, బహుశా ఆ ఊళ్లోనే, నెఫ్‌ను నిజంగా ప్రేమించిన మనిషి కీస్ ఒక్కడే. జీతం తక్కువైనా తన పక్కన పనిచేయమని అడిగాడు కూడా, నెఫ్ వద్దన్నాడు. చివర్లో నెఫ్ రక్తమోడుతూ ఆఫీసు గుమ్మంలో కూలబడతాడు. నువ్వు వెతుకుతున్నవాడు నీ బల్లకు ఎదురుగానే ఉన్నాడు, మరీ దగ్గరగా ఉండడం వల్ల పట్టుకోలేకపోయావు అంటాడు. "అంతకన్నా దగ్గర, వాల్టర్" అంటాడు కీస్. నెఫ్ సిగరెట్ నోట్లో పెట్టుకుంటాడు, పుల్ల గీయడానికి చేతిలో బలం ఉండదు. ఈసారి కీస్ గీసి వెలిగిస్తాడు.